నిశ్చల ప్రాంగణంలో చేపపిల్లలు

బలుసు నీలాద్రిరావుకి పుట్టి బుద్ధెరిగిన తరువాత ఎవరివల్లా ఏ ముప్పూ రాలేదు. అతనివల్ల కూడా ఎవరికీ రాలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళను ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి జరుపుతూ, పెద్దగా ఎవరి కంటా పడకుండా సగం సర్వీసు గడిపేశాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ముప్పుల మీద అధికారిగా వేశారంటే తప్పు అతనిది కాదు, బిస్కట్ల లారీది.

ఎక్కడో, మన రాష్ట్రం కూడా కాదు, ఒక బిస్కట్ల లారీ కనబడకుండా పోయింది. మర్నాటికి దొరికింది కూడా. డ్రైవరు దారిలో ఉన్న అత్తారింటికి వెళ్ళి, పెట్టింది తిని, హాయిగా పడుకున్నాడట. ఈ కారణం పెద్దలెవరికీ రుచించలేదు. ఇవాళ బిస్కట్లు పోయాయి, రేపు బియ్యం పోతే? ఎల్లుండి మందులు పోతే? దేశానికి అన్నం పెట్టే గొలుసులో ఏ లంకె ఎవడు తెంపుతాడో ఎవరు చూడొచ్చారు? దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, అందరూ కూర్చుని సరుకు రవాణా గొలుసు భద్రతా మండలిని స్థాపించారు. మండలికి జిల్లాకొక అధికారి కావాల్సి వచ్చాడు. పోయినా నష్టం లేని మనిషినొకణ్ణి పంపమని కార్యాలయాలన్నిటికీ కబురు వెళ్ళింది. నీలాద్రిరావు పేరు మీద ఎవరికీ భేదాభిప్రాయం కలగలేదు.

శిక్షణ ఒక పెద్ద హోటల్లో జరిగింది. అందరి మెడలో తాడూ బిళ్ళా వేసి చల్లటి గదిలో కూర్చోబెట్టాక, మండలి సంయుక్త సంచాలకులు పరంజ్యోతిగారు స్వయంగా బోధించారు. దాహం వేస్తే మంచినీళ్ళడగకుండా "జల సరఫరాలో అంతరాయం ఏర్పడినట్టుంది" అనే మనిషి ఆయన.

"మిత్రులారా! ముప్పు ఎక్కడ నివసిస్తుంది? కదలికలో నివసిస్తుంది. గోదాములో ఉన్న బస్తాని ఎవరైనా దారి మళ్ళించగలరా? లేరు. ఎందుచేత? దానికి దారే లేదు గనక! కావున, సరుకు కదులుతున్నంతసేపూ దుర్బలం, ఆగినంతసేపూ సుభద్రం. మన విధానానికి నిశ్చల భద్రతా విధానం అని నామకరణం చేయడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. నీలాద్రిరావు మరికాస్త ఎక్కువసేపు కొట్టాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తను పాటిస్తూ వచ్చింది అచ్చంగా ఈ విధానమే. దానికి ఇంత మంచి పేరుందని అతనికి ఆ రోజే తెలిసింది.

జిల్లాకి తిరిగొచ్చి, కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు పక్కన పెద్ద ఖాళీ స్థలం చూసి, చుట్టూ ఇనుప కంచె వేయించి, 'సురక్షిత నిశ్చల ప్రాంగణం' అని బోర్డు పెట్టించాడు. ముందొక గేటు, వెనకొక గేటు. ఆ దారిన పోయే ప్రతి సరుకు బండీ లోపలికి వచ్చి, ఇంజను ఆపి, సీలు వేయించుకుని, ముప్పు లేదని తేలేదాకా నిలబడాలి. ముప్పు లేదని ఎలా తేలుతుంది? ఏమీ జరగకపోతే తేలుతుంది. అయితే ఏమీ జరగకపోవడం కూడా కొంచెం అనుమానించాల్సిన విషయమే. శత్రువు అదను కోసం పొంచి చూస్తున్నాడేమో? అందుకని, ఏమీ జరగని బండిని మరికాసేపు ఆపేవారు.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. ఒక్క లారీ దారి తప్పలేదు. దారిలో ఉంటే కదా తప్పడానికి! పచ్చిగా లోపలికొచ్చిన అరటిగెలలు పండి, మగ్గి, నల్లబడి, ఈగలతో సహా బయటికి వెళ్ళాయి. ఒక్క పండు కూడా దొంగతనం కాలేదని నీలాద్రిరావు పైకి రాశాడు. ఐసు లారీ వచ్చినప్పుడు మాత్రం చిన్న చిక్కు వచ్చింది. ఎండలో నిలబడి నిలబడి, వదిలేసే సమయానికి బండిలో తడిసిన ఊక తప్ప ఏమీ మిగల్లేదు. ఐసు ఫ్యాక్టరీ ఆసామి పరుగెత్తుకొచ్చి గోల పెట్టాడు.

"సీలు చూసుకోండి. ఊడిందా?" అన్నాడు నీలాద్రిరావు.

"ఊడలేదండి."

"సీలు ఊడకుండా సరుకెలా పోతుంది?"

"కరిగిపోయిందండీ బాబూ!"

"కరగడం వేరు, పోవడం వేరు. పోలేదు గనక ఉన్నట్టే లెక్క. తీసుకెళ్ళండి."

ఉన్నట్టే లెక్క అయిన ఐసుని తీసుకుని ఆసామి వెళ్ళిపోయాడు. ఈ సంగతి విని పరంజ్యోతిగారు ఫోను చేశారు. "ఘనపదార్థం ద్రవరూపం దాల్చడమనేది మన పరిధిలోకి రాదయ్యా. దృఢంగా వ్యవహరించావు," అని మెచ్చుకున్నారు. నీలాద్రిరావు నిలబడి ఆ మాటలు విన్నాడు.

బయట ఇంత పల్లకీ మోత మోగుతున్నా ఇంట్లో మాత్రం అతనికి ఈగల మోతే. భార్య భ్రమరాంబకి ముప్పులంటే బొత్తిగా ఖాతరు లేదు. ఆవిడకి ఉన్నదల్లా ఒక చేపల చెరువు. తల్లి పోతూ పోతూ కూతురికని రాసిచ్చింది. ప్రాంగణానికి అవతల, గతుకుల రోడ్డు దాటాక, పాతగరువు అనే ఊళ్ళో ఉంది. కిందటేడు తెగులు తగిలి చేపలన్నీ తేలిపోయాయి. ఈ ఏడు కూడా చెరువు ఖాళీగా ఉంటే లీజుకి ఇచ్చెయ్యాల్సిందేనని ఆవిడ తమ్ముళ్ళిద్దరూ పట్టుబట్టి కూర్చున్నారు. ఒకసారి లీజుకి పోయిన చెరువు మళ్ళీ ఆడదాని చేతికి రాదని భ్రమరాంబకి బాగా తెలుసు. అందుకని తనే దగ్గరుండి చెరువు ఎండగట్టించి, సున్నం చల్లించి, నీళ్ళు పెట్టించింది. చేపపిల్లలు పెంచే హేచరీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, ఈ పంట కారుకి ఆఖరి విడతలో ఎలాగో ఒక లారీ చేపపిల్లని ఒప్పించుకుంది.

చేపపిల్లని తెచ్చే పద్ధతి ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. లారీ తొట్టిలో టార్పాలిన్ పరిచి, నీళ్ళు నింపి, అందులో పిల్లని పోస్తారు. బండి కుదుపులకి ఆ నీళ్ళు మజ్జిగ చిలికినట్టు చిలికి గాలి కలుస్తుంది. ఆ గాలితోనే పిల్ల బతుకుతుంది. బండి ఆగితే నీళ్ళు ఆగుతాయి. నీళ్ళు ఆగితే పిల్ల పైకి తేలి నోళ్ళు తెరుస్తుంది, ఇంకాసేపటికి తెల్లగా వెల్లకిలా పడుతుంది. దారిలో టీకి ఆగినా సరే, కూలీలు తొట్టిలోకి వంగి చేతులతో నీళ్ళు కొడుతూనే ఉంటారు. పాతగరువు రోడ్డు గతుకులు పూడ్చమని ఊరంతా అర్జీలు పెడుతుంది గాని, చేపల రైతులు మాత్రం వేలిముద్ర కూడా వెయ్యరు.

"రేప్పొద్దున్న దావీదు లారీలో పిల్ల వస్తాది. మీ యార్డులో ఆపకండి. ముందే చెప్తున్నాను," అంది భ్రమరాంబ.

"చట్టం ముందు మొగుడూ పెళ్ళాం అంటూ ఉండరు," అన్నాడు నీలాద్రిరావు గంభీరంగా.

"చేపపిల్లకి చట్టం తెలీదు. ఆగితే చచ్చిపోద్ది, అంతే."

ఆవిడ కళ్ళలోకి చూశాక అతని గాంభీర్యం దిగిపోయింది. "సర్లే, నేను చూసుకుంటాగా."

పెళ్ళయిన నాటినుంచీ ఈ మాట అంటూనే ఉన్నాడు. చూసుకున్న దాఖలా మాత్రం ఒక్కటీ లేదు. అయినా ఈసారి నిజంగానే చూసుకుందామనుకున్నాడు పాపం. కాని తెల్లారేసరికి పరంజ్యోతిగారు స్వయంగా తనిఖీకి బయల్దేరారని ఫోను వచ్చింది. ప్రశంసాపత్రం కూడా తెస్తున్నారట. ఆ మాట చెవిన పడగానే భార్యా, చెరువూ, చేపపిల్లా అతని బుర్రలోంచి సీలు ఊడకుండానే మాయమైపోయాయి.

పరంజ్యోతిగారు పరివారంతో దిగి, బారులు తీరి నిలబడ్డ లారీలను ఆప్యాయంగా చూశారు. బంపర్ల మీద లుంగీలు ఆరుతున్నాయి. డ్రైవర్లు స్టవ్వులు ముట్టించుకుని వంట చేసుకుంటున్నారు. ఒక డ్రైవరు బండి పక్కన చిన్న మడి కట్టి తోటకూర వేశాడు. అది కోతకొచ్చింది.

"స్థిరత్వమంటే ఇదయ్యా!" అన్నారు పరంజ్యోతిగారు పరవశించి. తరువాత షామియానా కింద కుర్చీలో కూర్చుని నీలాద్రిరావు చెవిలో గొంతు తగ్గించారు. "అంతా బాగుంది గాని, ఒక్కటే లోటు. ఇన్నాళ్ళలో ఒక్క ముప్పునైనా పట్టుకున్నారా అని పైవాళ్ళు అడుగుతున్నారు."

"ముప్పు లేకుండా చేశాం కదండీ?"

"చేశామయ్యా. లేకుండా చెయ్యాలంటే ముందది ఉండాలిగా? ఉన్నట్టు ఒక్క రుజువైనా లేకపోతే మండలినే ఎత్తేసేట్టున్నారు."

ఆయన మాట పూర్తవుతూండగానే ముందు గేట్లోంచి నీళ్ళు చిమ్ముకుంటూ ఒక లారీ లోపలికి వచ్చింది. వచ్చింది గాని ఆగలేదు. ప్రాంగణంలో బారులు తీరిన బళ్ళ చుట్టూ గిర్రున ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ ఇంకో చుట్టు మొదలుపెట్టింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగి అరుస్తున్నాడు.

"అయ్యగారోయ్! చేపపిల్లండీ! బండాపితే సచ్చిపోద్దండి! నేను తిరుగుతానే ఉంటానండి, మీరు సీలేసుకుంటారో ఏటేసుకుంటారో ఏసుకోండి!"

అది దావీదు గొంతు. నీలాద్రిరావుకి రాత్రి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

లక్క ముద్ద ఒక చేత్తో, ముద్రబిళ్ళ ఒక చేత్తో పట్టుకుని కాపలావాడు లారీ వెంట పరుగెత్తుతున్నాడు. సీలు అందినట్టే అంది జారిపోతోంది. పరంజ్యోతిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"నిశ్చల ప్రాంగణంలో సంచారమా! ఇది విధానం మీద ప్రత్యక్ష దాడి! స్తంభింపజేయండి!"

కాపలావాళ్ళు ఖాళీ డ్రమ్ములు దొర్లించి అడ్డం పెట్టారు. లారీ ఆగింది. ఇంజను ఆపించారు. తొట్టి మీద వల కప్పి, నాలుగు మూలలా సీలు వేశారు. కూలీలు గబగబా పైకెక్కి నీళ్ళు కొట్టబోతే విజిల్ వేసి దింపేశారు. సీలు వేసిన సరుకులో చెయ్యి పెట్టడం నేరం. ఆ నిబంధన రాసింది నీలాద్రిరావే.

చెరువు గట్టు మీద చూసి చూసి, ఉండబట్టలేక స్కూటీ మీద వచ్చేసింది భ్రమరాంబ. గేటు దగ్గరే సంగతి అర్థమైంది ఆవిడకి. లారీ చక్రం మీద కాలేసి పైకెక్కి, వల కళ్ళల్లోంచి లోపలికి చూసింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. వేలకొద్దీ చిన్న చిన్న నోళ్ళు పైకి తేలి గాలి కోసం తెరుచుకుంటున్నాయి. అక్కడక్కడా తెల్ల పొట్టలు కనపడుతున్నాయి. ఆవిడ తిరిగి మొగుడి వైపు చూసింది. నీలాద్రిరావు పరంజ్యోతిగారి వెనకనుంచి, నన్నెరగనట్టే ఉండు అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ చేసినందుకు ఆ క్షణమే అతనికి తనమీద తనకి అసహ్యం వేసింది.

ఆవిడ లారీ దిగి వచ్చింది. మొగుడి ముఖం చూడకుండా, ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు, "ఆఫీసరు గారూ, అది నా సరుకండి. వదిలిపెట్టండి," అంది.

"అమ్మా, మీ సరుకు సంపూర్ణ భద్రతలో ఉంది," అన్నారు పరంజ్యోతిగారు నీలాద్రిరావు తరపున. "సీలు చెక్కుచెదరలేదు. గమనించగలరు."

"సీలు బానే ఉందండి. చేపలే చచ్చిపోతున్నాయి."

"దొంగతనం జరిగిందా? లేదు. దారి మళ్ళిందా? లేదు. మరణమనేది సరుకు యొక్క అంతర్గత వ్యవహారం. అందులో మండలి జోక్యం చేసుకోజాలదు."

భ్రమరాంబ వెళ్ళి లారీ చక్రం పక్కన గొంతుకూర్చుంది. తల్లి చనిపోయిన రోజున కూడా ఆవిడ అలాగే కూర్చుంది. అరిచి, నలుగురిలో నాలుగూ దులిపేసి ఉంటే నీలాద్రిరావు తట్టుకునేవాడు. అలా మాటా పలుకూ లేకుండా కూర్చునేసరికి అతని గుండె తరుక్కుపోయింది. ఇన్నాళ్ళూ ఎవరి అరటిగెలలు కుళ్ళాయో, ఎవరి ఐసు కరిగిందో తనకి పట్టలేదు. ఇప్పుడు సొంత ఇంటికి నిప్పంటుకునేసరికి మంట తెలుస్తోంది. సిగ్గు, భయం, కోపం అన్నీ ఒక్కసారే పుట్టాయి. ఆ తొక్కిసలాటలో ఎన్నడూ పుట్టనిది, ఒక ఆలోచన కూడా పుట్టింది.

"సార్," అన్నాడు. "మీరడిగిన ముప్పు దొరికిందండి."

పరంజ్యోతిగారు చివ్వున తిరిగారు. "ఎక్కడ?"

"నేనేనండి. ఆ చేపపిల్ల మా ఆవిడదండి. రాత్రే లారీ సంగతి నాకు తెలుసండి. దొంగచాటుగా దాటించేద్దామనుకున్నానండి."

పరంజ్యోతిగారి ముఖంలో ఆగ్రహం ఒక్క రెప్పపాటు నిలిచి, దాని వెనకే పట్టలేని ఆనందం పొంగుకొచ్చింది. "అంతర్గత ముప్పు!" అన్నారు మంత్రం జపించినట్టు. "కంచే చేను మేసింది! మండలి చరిత్రలో మొట్టమొదటి ముప్పు!"

"ఇంకా చాలా ఉందండి. కాని ఇక్కడ చెప్పకూడదు, ఎవరైనా వింటారు. లోపల గదిలో తలుపులేసుకుని చెప్తాను. నేను పారిపోయే ప్రమాదం ఉంది, కాపలావాళ్ళందర్నీ రమ్మనండి."

అందరూ వచ్చారు. కార్యాలయం గది తలుపులు మూశారు. చప్పుడు చేసే పాత ఏసీ ఒకటి ఉంది, దాన్ని పూర్తిగా పెట్టించాడు నీలాద్రిరావు. తను గోడకి ఆనుకుని కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు. మిగతావాళ్ళందరూ కిటికీకి వీపు పెట్టి, అతన్ని చూస్తున్నారు.

"ఎవరెవరున్నారు దీని వెనక?"

కిటికీ అద్దంలోంచి దావీదూ కూలీలూ డ్రమ్ములు పక్కకి దొర్లిస్తూ కనిపించారు. డ్రమ్ములు చాలా ఉన్నాయి.

"చాలామంది ఉన్నారండి," అన్నాడు నీలాద్రిరావు. "పెద్ద ముఠా. అరటికాయలవాడు ఉన్నాడు. ఐసువాడూ ఉన్నాడు. కరిగినట్టు నటించాడండి వాడు."

"అనుకున్నాను!" అన్నారు పరంజ్యోతిగారు బల్ల గుద్ది. "పథకమేమిటి?"

భ్రమరాంబ లేచి నిలబడింది. వల మీది సీళ్ళన్నీ ఊడబెరికి, చేతులు మోచేతులదాకా నీళ్ళలో ముంచి కొడుతోంది. బారులు తీరిన లారీల డ్రైవర్లు వంటలు వదిలేసి వచ్చి తలో చెయ్యి వేస్తున్నారు. వెనక గేటు గొలుసు ఎవరో లాగుతున్నారు, అది రావడం లేదు.

"పథకం చాలా లోతైనదండి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొదట్నుంచీ చెప్పమంటారా?"

"మొదట్నుంచీ చెప్పు!"

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడమెందుకని నీలాద్రిరావు విజృంభించాడు. పుట్టింది మొదలు ఎవరినీ ఏమీ అనని మనిషి, ఊళ్ళో వాళ్ళందర్నీ ముఠాలో చేర్చాడు. పాలవాణ్ణి గూఢచారిని చేశాడు. తన ఇద్దరు బావమరుదులనూ మాత్రం ముఠానాయకులను చేశాడు, అక్కడ కొంచెం మనసుపెట్టి చెప్పాడు. గేటు తెరుచుకునేసరికి కథ సముద్రం దాకా వెళ్ళింది. లారీ వెనక గేట్లోంచి బయటపడి, పాతగరువు రోడ్డెక్కి, మొదటి గోతిలో పడి ఎగిరింది. నీళ్ళు తొట్టి అంచుల మీంచి చిమ్మాయి. గతుకుల రోడ్డు అంత అందంగా ఉంటుందని నీలాద్రిరావు ఎన్నడూ అనుకోలేదు. లారీ మలుపు తిరిగిపోయాక తల దించుకుని, "ఇక నాకేమీ తెలియదండి," అన్నాడు.

మధ్యాహ్నానికే ఉత్తర్వులు వచ్చాయి. ముప్పు అయినందుకు నీలాద్రిరావుని సస్పెండు చేశారు. ముప్పుని పట్టుకున్నందుకు ప్రశంసాపత్రం పరంజ్యోతిగారికి ఇచ్చారు. ముప్పు ఉందని రుజువైంది గనక ప్రతి మండలానికీ ఒక నిశ్చల ప్రాంగణం మంజూరు చేశారు. ప్రమాద తీవ్రత తేలేదాకా నీలాద్రిరావుని కదలనివ్వకూడదని, తోటకూర మడి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మలుపు దాటిన లారీ సంగతి ఎవరూ అడగలేదు. అది ప్రాంగణంలో లేదు గనక మండలి దృష్టిలోనూ లేదు.

సాయంత్రం అతని ఫోను మోగింది. కాపలావాడు దాన్ని అందరికీ వినపడేలా పెట్టి పట్టుకున్నాడు.

"ఏవండీ, చెరువులో వదిలేశాం," అంది భ్రమరాంబ. బాగా అలిసిపోయిన గొంతు. "పోయినవి పోయాయి. మిగతాయి ఈదుతున్నాయి. గట్టు పొడుగునా తళతళలాడుతున్నాయి."

నీలాద్రిరావుకి కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. కాపలావాడి ముందు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. నన్ను ఆపేశారు."

"దేనికి?"

"కదిలానని."

"అన్నం తిన్నారా?"

"లేదు."

"ఉండండి. దావీదు చేత క్యారేజీ పంపుతున్నాను."

పొద్దు వాలే వేళకి క్యారేజీ వచ్చింది. గేటు దగ్గర ఆపారు. మూత మీద సీలు వేసి, బల్ల మీద పెట్టి, ఏమవుతుందోనని చుట్టూ నిలబడ్డారు. ఏమీ కాలేదు.

"ఏమీ జరగడం లేదండి," అన్నాడు కాపలావాడు.

"అయితే మరికాసేపు ఆపండి," అన్నారు పరంజ్యోతిగారు.

క్యారేజీలో ఉన్నది వంకాయ ఎండుచేపల కూర. దాని వాసన మాత్రం ఎవరినీ అడగకుండా, ఏ సీలూ వేయించుకోకుండా కంచె దాటి లోపలికి వచ్చేసింది. నీలాద్రిరావు కళ్ళు మూసుకుని గుండె నిండా పీల్చుకున్నాడు. ఎవరికీ రిపోర్టు చెయ్యలేదు.